చుట్టాలు లేని ఊరు

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కుర్ర జంటలు గురువారం అనుకుని శుక్రవారం విమానం ఎక్కేస్తున్నారు. భుజాన చిన్న సంచి వేసుకుని, ఇంటి తాళం వాచ్‌మన్ చేతిలో పెట్టి, ఏ సముద్రం ఒడ్డుకో వెళ్ళి సోమవారం పొద్దున్నకి మళ్ళీ ఆఫీసులో ఉంటున్నారు. లిఫ్ట్‌లో వాళ్ళు ఎదురైనప్పుడల్లా నాకు ఆ రోజుల్లో మా పెట్టెలు గుర్తొస్తాయి. తొంభైల్లో ఖతార్‌లో ఉద్యోగం చేసే మా బోటి వాళ్ళకి ప్రయాణం అంటే ఒకటే అర్థం, సెలవుకి ఇంటికి వెళ్ళడం. నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టెల్లో బావమరిదికి గడియారం, పెద్దమ్మకి కంబళి, ఎవరెవరి మోకాళ్ళకో నొప్పుల మందు డబ్బాలు. ఊళ్ళో దిగిన మర్నాటి నుంచీ ఊరూరా తిరిగి వాటిని పంచడం. సగం సెలవు మా వైపు, సగం మా ఆవిడ వైపు. ఒక్క ఇల్లు తప్పిపోయినా 'దోహా వెళ్ళాక మేం కనపడతామా' అనే మాట ఏడాది పాటు మమ్మల్ని వెంటాడేది. ఏ ఇంట్లో కాఫీ తాగినా గ్లాసు కింద పెట్టేలోగా ఆ ఇంటాయన గొంతు సవరించుకునేవాడు. "మా వాడు డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నాడు. ఓ వీసా సంగతి చూద్దురూ." నేను 'చూద్దామండీ' అనేవాణ్ణి. వీసాలు నా జేబులో ఉంటాయని వాళ్ళ నమ్మకం, లేవని చెబితే నమ్మరని నా అనుభవం.

ఈ ఊరేగింపులో నేను కనీసం కుర్చీలో కూర్చునేవాణ్ణి. మా ఆవిడకి ఆ భాగ్యం లేదు. ఏ ఇంటికి వెళ్ళినా చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకి నడిచేది. అందరికీ వడ్డించి, ఆఖరి పంక్తిలో కూర్చుని, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు ఎవరి బియ్యమో ఏరుతూ ఉండేది. అత్తగారింట్లోనే కాదు, పుట్టింట్లో కూడా అంతే. సెలవు ముగించుకుని దోహాలో దిగాక రెండు రోజులు జ్వరం వచ్చేది. దాన్ని నేను నీళ్ళ మార్పు అనుకునేవాణ్ణి.

అప్పట్లో మేము దోహాలో నజ్మా అనే పేటలో ఒక కిరాణా కొట్టు పైన రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అమ్మాయి ఎనిమిదో తరగతి. రంజాన్ నెల సగం గడిచిన ఒక సాయంత్రం, ఇఫ్తార్ వేళకి వీధి అంతా నిశ్శబ్దమైపోయినప్పుడు, మా ఆవిడ బట్టలు మడతపెడుతూ అంది.

"ఈసారి ఈద్ సెలవులకి ఎక్కడికైనా వెళ్దామండీ."

"ఎక్కడికి?"

"చుట్టాలు లేని ఊరికి."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నాకు అక్కడ ఏమీ చూపించక్కర్లేదు. పొద్దున్నే లేచి ఇవాళ ఎవరింటికి వెళ్ళాలి, ఎవరికి ఏం ఇవ్వాలి అనుకోకుండా ఉంటే చాలు. పెళ్ళయ్యాక ఒక్కసారైనా అలా ఉండాలని ఉంది."

పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. పట్టుచీరలు కూడా నేనే గుర్తుపెట్టుకుని కొనాల్సి వచ్చేది. కాబట్టి ఈ ఒక్క కోరికా సవ్యంగా తీర్చి తీరాలని నిశ్చయించుకున్నాను.

సవ్యంగా అంటే నా లెక్కలో పథకం ప్రకారం. నేను ఒక నిర్మాణ కంపెనీలో ప్లానింగ్ సెక్షన్‌లో ఉండేవాణ్ణి. ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలి, ఏది ఆలస్యమైతే ఏది ఆగిపోతుంది అని గీతలు గీయడానికే నాకు జీతం. (ఇంట్లో దోసెలు పోసే వరస గురించి కూడా ఒకసారి సలహా ఇచ్చాను. అది వేరే కథ, సుఖాంతం కాదు.) ముందు మా ఇద్దరి వంశాల వాళ్ళూ, మా ఊళ్ళ వాళ్ళూ ఎక్కడెక్కడ ఉన్నారో ఆలోచించాను. మస్కట్‌లో మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు. దుబాయ్‌లో లేనిదెవరు? సింగపూర్‌లో మా ఆవిడ మేనత్త కోడలి తమ్ముడు ఉన్నాడని తేలింది. చివరికి మిగిలింది హాంకాంగ్. అది ఇంకా ఆంగ్లేయుల ఏలుబడిలోనే ఉంది, మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా అవసరం లేదు, తెలిసినవాడు ఒక్కడూ లేడు. అక్కడ కొండ మీదికి ఏటవాలుగా పాకే ట్రామ్ ఒకటి ఉందనీ, పైనుంచి సముద్రమూ భవనాలూ కనిపిస్తాయనీ కేలండర్ బొమ్మలో చూశాను. మొత్తం యాత్రకి ఆ ట్రామే శిఖరంగా పెట్టుకుని మిగతావన్నీ దాని చుట్టూ సర్దాను.

ప్రయాణం రోజు దగ్గర మా ఆవిడ పంచాంగం తీసింది. "అమావాస్య నాడు వద్దండీ. పాడ్యమి కూడా వద్దు. విదియ మంచిది." ఈద్ ఎలాగూ నెలవంక కనిపించాకే కదా. అంటే అమావాస్య వెళ్ళాకే సెలవు. పంచాంగమూ కంపెనీ సెలవూ ఒకే మాట చెబుతుంటే నాకు ఎంతో సంతృప్తి కలిగింది. రెండు వేర్వేరు లెక్కలు ఒకే జవాబు ఇస్తే ప్లానింగ్ వాడికి అంతకన్నా ఏం కావాలి?

సూచనలు రాలేదని చెప్పలేను. టికెట్లు బుక్ చేసిన మలయాళీ ఏజెంటు ఫోన్ పెట్టేసి తల అడ్డంగా ఊపాడు. "సార్, ఆ వారం హోటళ్ళు అన్నీ ఫుల్. చాలా రష్. ఫెస్టివల్ కదా." నేను తెలిసినట్టే తల ఊపాను. ఈద్ కదా మరి, మన గల్ఫ్ జనమంతా అక్కడికే పోతున్నారన్నమాట, మంచి ఊరే ఎంచుకున్నాను అనుకున్నాను. మా సెక్షన్‌లో మలేషియా నుంచి వచ్చిన చైనీస్ డ్రాఫ్ట్స్‌మన్ ఒకడు సరిగ్గా ఆ వారమే సెలవు పెట్టాడు. ఆ కాగితం మీద సిఫార్సు సంతకం నాదే. "ఇంటికా?" అన్నాను. "ఇంటికే సార్, పండగ" అన్నాడు. పాపం ఇతనికీ ఈద్ సెలవు కలిసొచ్చింది అనుకున్నాను. ఖతార్‌లో కొన్నేళ్ళు ఉంటే భూగోళం మీద పండగ అనేది ఒక్కటే ఉందని అనిపిస్తుంది.

పై అంతస్తులో నిజామాబాద్ తమ్ముడు ఒకడు ఉండేవాడు, ఏసీ మెకానిక్. ఇంటి తాళాలు ఇవ్వడానికి వెళితే నా ముఖం కేసి జాలిగా చూశాడు.

"హాంకాంగ్‌ల మనోళ్ళు ఎవరున్నరన్నా?"

"ఎవరూ లేరు. అందుకే వెళ్తున్నాం."

"సుట్టాలు లేని ఊరికి పైసలు వెట్టుకొని పోతరా? ఆకలైతె ఎవరింటికి పోతరు?"

"హోటళ్ళు ఉంటాయి కదయ్యా."

"ఉంటయి తీ" అన్నాడు, నన్ను ఓదార్చడానికన్నట్టు.

బహ్రెయిన్‌లో విమానం మారి, మర్నాడు హాంకాంగ్‌లో దిగాం. విమానం మేడల మధ్య నుంచి దిగుతుంటే బాల్కనీల్లో ఆరేసిన బట్టలు స్పష్టంగా కనిపించాయి. అమ్మాయి కిటికీకి ముక్కు ఆనించి, "నాన్నా, వాళ్ళ టీవీలో ఏం వస్తోందో కూడా కనిపిస్తోంది" అంది. బయటికి వచ్చేసరికి సన్నటి చినుకు, ఎముకలు కొరికే చలి. ఫిబ్రవరిలో దోహా చలే లోకంలో చలి అనుకుని చెప్పులతో వచ్చాం. మా గెస్ట్‌హౌస్ ఒక పాత భవనంలో చాలా ఎత్తున ఉంది. దాని యజమాని నల్ల ఫ్రేము కళ్ళద్దాలు పెట్టుకున్న నడివయసు మనిషి. ఇంగ్లీషు నెమ్మదిగా, శుభ్రంగా మాట్లాడతాడు. తాళంచెవితో పాటు మా ఇద్దరి చేతుల్లోనూ రెండేసి నారింజలు పెట్టాడు. మర్యాద తెలిసిన ఊరు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న నా పథకంలో మొదటి అంశం శాకాహార ఫలహారశాల. వెళితే ఇనుప షట్టర్ దించి ఉంది, దాని మీద ఎర్ర కాగితంపై బంగారు అక్షరాలు. రెండోదీ అంతే. పక్కన బట్టల కొట్టు, దాని పక్కన చెప్పుల కొట్టు, చివరికి మందుల కొట్టు కూడా. అయితే వీధిలో మాత్రం జనం. నజ్మాలో శుక్రవారం సాయంత్రం జనాన్ని చూసిన వాళ్ళం కాబట్టి జనం మాకు కొత్త కాదు. కానీ వీళ్ళు కొనడానికి వచ్చిన జనం కారు. తాతలు, అవ్వలు, కొత్త బట్టల పిల్లలు, చేతుల్లో ఎర్ర సంచులు, నారింజల బుట్టలు, బిస్కట్ డబ్బాలు. అందరూ తలదువ్వుకుని ఎక్కడికో వెళుతున్నారు. మా ఆవిడ ఒక మూల నిలబడి కాసేపు వాళ్ళని చూసింది. ఒక కుర్ర ఇల్లాలు ఒక చేత్తో చంటిపిల్లనీ, ఇంకో చేత్తో మూడు సంచులనీ మోస్తూ, ముందు ఖాళీ చేతులతో నడుస్తున్న మొగుడితో ఏదో గట్టిగా అంటోంది.

"ఏమండీ," అంది మా ఆవిడ నెమ్మదిగా. "వీళ్ళంతా చుట్టాలిళ్ళకి వెళ్తున్నారు."

"నీకెలా తెలుసు?"

"ఆ అమ్మాయి మొహం చూస్తే తెలియడం లేదూ?"

గెస్ట్‌హౌస్‌కి తిరిగొచ్చి అడిగితే కళ్ళద్దాలాయన నా వంక వింతగా చూశాడు. "కొత్త సంవత్సరం సార్. చంద్రుడు లేని రాత్రితో మొదలవుతుంది. కొట్లు నాలుగైదు రోజులు తీయరు. అందరూ బంధువుల ఇళ్ళకి వెళతారు. మీకు తెలియకుండానే ఈ వారం వచ్చారా?" ఎలాగో నవ్వి గదిలోకి వచ్చాను. మా ఆవిడ మంచం మీద కూర్చుని తడిసిన చెప్పులు విప్పింది. తర్వాత, "అమావాస్య నాడు బయలుదేరకుండా జాగ్రత్తపడి, అమావాస్య పండక్కి వచ్చాం" అంది. అంతే. అంతకన్నా ఎక్కువ అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ పూటా మర్నాడూ మమ్మల్ని కాపాడింది, 'విదేశంలో ఇవి మోసుకు తిరగడం ఏమిటి' అని నేను వద్దన్న పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి. నేను మాత్రం పథకం వదల్లేదు. రెండో రోజు కొండ ట్రామ్‌కి వెళ్ళాం. అక్కడ వరస చివర ఎక్కడుందో కనుక్కోవడానికే చాలా దూరం నడవాల్సి వచ్చింది. మా ముందు ఒక కుటుంబం, దాని ముందు ఆ కుటుంబానికి చుట్టాలు, వాళ్ళకి ముందు వాళ్ళ చుట్టాలు. ఒకరు మరొకరిని పిలిచి మధ్యలో చేర్చుకుంటున్నారు. మేము ముందుకి కదలాల్సింది పోయి కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతున్నాం. చినుకుల్లో తడుస్తూ నిలబడి, చీకటి పడబోతుంటే వెనక్కి వచ్చేశాం. దారిలో అమ్మాయి అంది, "నాన్నా, ఇక్కడ మనకి కూడా చుట్టాలు ఉంటే ఈపాటికి పైన ఉండేవాళ్ళం." వాళ్ళమ్మ ఆ మాటకి నవ్వలేదు. కొంగు తల మీద కప్పుకుని నడుస్తోంది. ఆ నడకలో నేను మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఇది ఇలాగే ముగిస్తే ఆవిడ నన్ను ఏమీ అనదు. ఇంకెప్పుడూ ఏమీ అడగదు కూడా. ఆ రెండోది తలుచుకుంటే నాకు భయం వేసింది.

మూడో రోజు పొద్దున్న, అంటే మాకు మిగిలిన ఆఖరి పూర్తి రోజున, గెస్ట్‌హౌస్ వసారాలో కళ్ళద్దాలాయన తల్లి కనిపించింది. పొట్టిగా, గుండ్రంగా, ఎర్ర స్వెట్టర్ వేసుకుని ఉంది. మా ఆవిడ చూడగానే "మామ్మగారు" అనేసింది. ఆ పేరే ఖాయమైంది. మామ్మగారు మా అమ్మాయి చెంప నిమిరి, ఎర్రటి చిన్న కవరు ఒకటి రెండు చేతులతో అందించింది. పెళ్ళికాని పిల్లలకి పెద్దవాళ్ళు అలా డబ్బు పెట్టి ఇస్తారట. అమ్మాయి మమ్మల్ని చూసింది, మా ఆవిడ నన్ను చూసింది. ఆ చూపు ప్రతి తెలుగు మొగుడికీ తెలుసు. అవతలివాళ్ళు మన పిల్ల చేతిలో పెడితే, మనం వాళ్ళ పిల్లవాడి చేతిలో పెట్టకుండా కదలకూడదు. ఆ పని నాకు వదిలేసి ఆవిడ అమ్మాయితో గదిలోకి వెళ్ళింది.

పక్కనే కళ్ళద్దాలాయన కొడుకు, ఐదేళ్ళవాడు, బొమ్మ కారుతో ఆడుతున్నాడు. ఇలాంటి వాటికి నేను ఎప్పుడూ సిద్ధమే. నా సంచిలో ఆఫీసు కవర్లు ఉంటాయి, టికెట్లకి ఒకటి, రసీదులకి ఒకటి, ఖాళీవి కొన్ని. కొత్త తెల్ల కవరు ఒకటి తీశాను. వంద హాంకాంగ్ డాలర్ల నోటు పెట్టాను. సున్నాతో ముగిస్తే బాగుండదు కాబట్టి దానికి ఒక డాలరు బిళ్ళ కలిపాను. మన పద్ధతి మనం పాటించాలి కదా. కవరు అంటించి, రెండు చేతులతో, మామ్మగారు చేసినట్టే వంగి, పిల్లవాడి చేతిలో పెట్టాను. సొంతంగా ఆలోచించి చేసిన ఆ మర్యాదకి నాకే ముచ్చటేసింది.

మామ్మగారి ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆవిడ గబగబా వచ్చి, మనవడి చేతిలోంచి కవరు లాగి, బల్ల మీద పడేసి, పిల్లవాడి వేళ్ళు తన స్వెట్టర్‌కి తుడిచింది. వాణ్ణి చంకనేసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కళ్ళద్దాలాయన కవరు విప్పి, నోటునీ బిళ్ళనీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇలా ఇవ్వమని మీకు ఎవరైనా చెప్పారా సార్?"

"లేదండీ. మా దేశంలో శుభానికి ఇలాగే ఇస్తాం. వందకి ఒకటి కలిపి ఇస్తాం."

"మేమూ ఒకటి కలుపుతాం," అన్నాడాయన. "తెల్ల కవర్లోనే పెడతాం. మనిషి పోయిన ఇంట్లో ఇస్తాం."

ఆయన కోపం లేకుండానే వివరించాడు. కష్టం జంటగా రాకూడదని చావుకి బేసి, సుఖం ఒంటరిగా రాకూడదని శుభానికి జంట. నూటొకటి అయితే మరీ ఖచ్చితంగా చావు పద్దు. పండగ పూట, అదీ ఒక్కగానొక్క మనవడికి. "మీకు తెలియదు, ఫరవాలేదు" అన్నాడు. ఫరవాలేదు అనేటప్పుడు ఆయన కూడా మూసిన తలుపు కేసే చూశాడు.

గదిలోకి వచ్చి మా ఆవిడకి చెప్పాను. వీళ్ళ ఆచారం వేరు, నా తప్పేమీ లేదు, మన పద్ధతిలో అది శుభమే అని ముగించాను. ఆవిడ నన్ను ఆపాదమస్తకం చూసింది.

"మన పద్ధతిలో మాత్రం శుభం ఎలా అవుతుందండీ? వట్టి తెల్ల కవరు ఇచ్చారా? మూలలకి పసుపు పెట్టారా? బొట్టు పెట్టారా?"

"ఆఫీసు కవరు మీద పసుపేమిటి?"

"అదే మరి. మగవాళ్ళకి శుభకార్యం అంటే నోట్లు లెక్కపెట్టడమే. నన్ను ఒక్కమాట అడిగారా?"

"జంటగా ఇవ్వాలని నాకేం తెలుసు?"

"తాంబూలంలో ఆకులు ఎన్ని పెడతాం? పళ్ళు ఎన్ని పెడతాం?"

నేను ఆలోచించాను. రెండు, రెండు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నదే.

"ఆవిడెవరో ఏమో, ఏడాది మొదట్లో ఆవిడ మనవడికి అపశకునం అంటగట్టి విమానం ఎక్కుతామా? నేను అలా రాను" అని మా ఆవిడ పెట్టె అడుగుకి చెయ్యి పోనిచ్చింది. అక్కడ ఎర్రటి జాకెట్టు గుడ్డ ఒకటి, ఆకుపచ్చది ఒకటి ఉన్నాయి. చుట్టాలు లేని ఊరికి జాకెట్టు గుడ్డలు ఎందుకు తెచ్చావని అడగాలనిపించి మానేశాను. ఏళ్ళ తరబడి పెట్టెలు సర్దిన చేతులు అవి, వాటంతట అవే పెట్టేసుకుని ఉంటాయి. గెస్ట్‌హౌస్ వాళ్ళ ట్రే ఒకటి తుడిచి, ఎర్ర గుడ్డ మడతపెట్టి, దానిమీద రెండు నారింజలు, పక్కన కుంకుమ భరిణె పెట్టి బయటికి నడిచింది. వెనక నేను, నా వెనక అమ్మాయి. మూసిన తలుపు ముందు ఆవిడ ట్రే పట్టుకుని నిలబడింది. తలుపు కొట్టలేదు, పిలవలేదు. కళ్ళద్దాలాయన ఏదో అనబోతే, "మీరు ఉండండి అన్నయ్యగారూ" అని తెలుగులోనే అంది. ఆయన పక్కకి జరిగాడు.

ఆయనే చివరికి లోపలికి ఏదో చెప్పినట్టున్నాడు, తలుపు కొద్దిగా తెరుచుకుంది. మామ్మగారు ముందు ట్రేని చూసింది. ఎరుపు, మళ్ళీ ఎరుపు, నారింజలు రెండు. మా ఆవిడ కుంకుమ కాస్త తీసి, తన నుదుటి బొట్టు చూపించి, మామ్మగారి నుదురు చూపించి, పెట్టనా అన్నట్టు తల ఊపింది. ఆవిడ కొడుకుని చూసింది. కొడుకు భుజాలు ఎగరేశాడు. మామ్మగారు కళ్ళు మూసుకుని తల ముందుకి వంచింది. బొట్టు పెట్టించుకుని, అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకుని, పగలబడి నవ్వింది. మనవణ్ణి లాక్కొచ్చి వాడికీ పెట్టించింది. తర్వాత నన్ను చూసి ఏదో సుదీర్ఘంగా అంది. కళ్ళద్దాలాయన నవ్వు ఆపుకున్నాడు.

"ఏమంటున్నారు?"

"మీ ఆవిడ చాలా మంచిదట. మిమ్మల్ని ఒంటరిగా బయటికి పంపకూడదట."

ఆయన నా నోటుని ఎర్ర కవరులోకి మార్చి పిల్లవాడికి ఇచ్చి, బిళ్ళ మాత్రం నాకు తిరిగి ఇచ్చేశాడు.

కథ ఇక్కడ ఆగి ఉంటే మధ్యాహ్నం మళ్ళీ ట్రామ్ దగ్గరికి వెళ్ళేవాళ్ళం, నా పథకంలో అది ఇంకా మిగిలే ఉంది. కానీ మామ్మగారు మా ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ రోజు వాళ్ళు ఆవిడ చెల్లెలి ఇంటికి భోజనానికి వెళుతున్నారు, మేమూ రావాలట. మాంసం తినమని చెప్పాను. పండగ రోజుల్లో కూరగాయలు, పుట్టగొడుగులు, సోయా పన్నీరు ముక్కలతో చేసే వంటకం ఉంటుందట, ఆ అక్కాచెల్లెళ్ళు అదే తింటారట. రెండు రోజులుగా పులిహోర తింటున్న అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది. ఆ విధంగా, చుట్టాల నుంచి తప్పించుకుని ఇంత దూరం వచ్చినవాళ్ళం, చేతిలో నారింజల సంచులు పట్టుకుని, కిక్కిరిసిన రైల్లో నిలబడి, ఎవరివో చుట్టాల ఇంటికి బయలుదేరాం. మా ఆవిడ ఒక్కగానొక్క కోరికని నా చేతులారా నేనే మట్టిలో కలిపానని దారంతా నా మనసు పీకుతూనే ఉంది.

ఆ ఇల్లు చిన్నది. అందులో పాతికమందికి తక్కువ లేరు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అలవాటుగా మా ఆవిడ చెప్పులు విప్పి తిన్నగా వంటింటి కేసి నడిచింది. మామ్మగారి చెల్లెలు ఆవిడ భుజాలు పట్టుకుని, బొమ్మని తిప్పినట్టు వెనక్కి తిప్పి, సోఫాలో కూర్చోబెట్టింది. మా ఆవిడ లేచింది. మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి చేతిలో వేడి టీ పెట్టారు, పట్టుకున్నవాళ్ళు లేవలేరు కదా. భోజనం ఆవిడ దగ్గరికే వచ్చింది. పెళ్ళయ్యాక మొదటి పంక్తిలో ఆవిడ తినడం నేను చూసింది అదే. ఎవరెవరో వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి నిమిరి, ఏదో అని, నవ్వి వెళుతున్నారు. ఆవిడ వాళ్ళతో తెలుగులోనే మాట్లాడుతోంది. భాష రాదు కాబట్టి ఎవరూ ఆవిడని ఏమీ అడగలేరు, ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

భోజనాలయ్యాక బల్ల మీద చిన్న చిన్న పలకలతో పేకాటలాంటి ఆట ఒకటి మొదలైంది. ఆ పలకల చప్పుడు ఇటుకల లారీ దింపుతున్నట్టుంది. మా అమ్మాయిని కూడా ఒకామె పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతోంది. నేను కళ్ళద్దాలాయనతో మాట్లాడుతూ గడియారం చూసుకుంటున్నాను. ఇప్పుడు బయలుదేరితే ట్రామ్ అందుతుంది. ఈ ఇంట్లో పోయిన సమయాన్ని వరసలో ఎక్కడ కలపాలో కూడా లెక్క వేసుకున్నాను. లేచి సోఫా దగ్గరికి వెళ్ళాను.

మా ఆవిడ నిద్రపోతోంది. కునుకు కాదు, నిద్ర. మెడ ఒక పక్కకి వాలి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఖాళీ టీ కప్పు ఒళ్ళో ఉంది. పట్టపగలు, పరాయి ఇంట్లో, అంతమంది మధ్య. మా ఇంట్లోనే మధ్యాహ్నం ఆవిడ పడుకోగా నేను చూడలేదు. చెయ్యి చాచి భుజం తట్టబోయాను. వెనక నుంచి మామ్మగారు నా చొక్కా పట్టుకుంది. పెదవుల మీద వేలు పెట్టి నన్ను కోపంగా చూసి, కప్పు తీసి, శాలువా కప్పింది. తర్వాత వెళ్ళి ఆట బల్ల మీద, పలకల కింద, ఒక తువ్వాలు పరిచింది. ఆ మధ్యాహ్నం అంతా వాళ్ళు పలకలని మెత్తగా జరుపుతూ గుసగుసలతో పోట్లాడుకున్నారు. నేను ట్రామ్ వేళలు రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సోఫా పక్కన ఎత్తుపీట మీద కూర్చున్నాను. చేయడానికి నాకు ఏ పనీ లేదు. అలా ఉండడం నాకు అంత తేలిక కాలేదు.

దోహా తిరిగొచ్చాక ఎప్పటిలా ఆవిడకి జ్వరం వస్తుందని మాత్రలు తెచ్చి పెట్టాను. రాలేదు. తాళాలు ఇవ్వడానికి నిజామాబాద్ తమ్ముడు కిందికి వచ్చాడు.

"ఎట్లుండె అక్కా హాంకాంగ్? ఏమేం చూసిన్రు?"

"ఏమీ చూడలేదు తమ్ముడూ," అంది మా ఆవిడ అతనికి టీ ఇస్తూ. "బాగా నిద్రపోయాను."

అతను నా వంక తిరిగాడు. పైసలు పెట్టుకుని పోయి నిద్రపోయి వచ్చిన్రా అన్నట్టు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆవిడ మాత్రం నా వైపు తిరిగి, "వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్దామండీ?" అంది. ఆ ప్రశ్న విని నాకు కలిగిన సంతోషం, కొండ ఎక్కి ఉంటే కలిగేది కాదని అప్పటికప్పుడు తెలియలేదు. ట్రామ్ ఎక్కలేకపోయామే అని మరి కొన్నాళ్ళు బాధపడ్డాను. ఆ రాత్రి డైరీలో కూడా 'ముఖ్యాంశం పూర్తి కాలేదు' అనే రాసుకున్నాను. రాసినవాణ్ణి ఇప్పుడు పిలిచి పక్కన కూర్చోబెట్టి, 'అయింది లేవయ్యా' అని చెప్పాలనిపిస్తుంది.